గుడ్డ కుక్కిన గంట

"స్వామీ, కళ్లకు రెప్పలు పెట్టిన దేవుడు చెవులకెందుకు పెట్టలేదు?"

చిదంబరం ఈ ప్రశ్న అడిగింది శాస్త్రచర్చ కోసం కాదు. మూట కట్టుకుని, సెలవు తీసుకుందామని వచ్చి, కళ్లనీళ్లు ఆపుకుంటూ అడిగాడు.

నల్లమల అంచున నిరంజనస్వామి ఆశ్రమంలో చదువుకోవాలని పదేళ్లు ఆశపడి, ముప్పై దాటాక వచ్చి చేరినవాడు అతను. తీరా వచ్చిన మూడు నెలల్లో అతన్ని ఓడించింది చదువు కాదు, చప్పుళ్లు. గరిటె గిన్నెకు తగిలితే పళ్లు జివ్వుమనేవి. భోజనాల గంట మోగితే గుండె గుభేలుమనేది. పదిమంది ఒక్కసారిగా నవ్వితే చాలు, అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించేది. పొగరని కొందరూ, వేషాలని కొందరూ చెవులు కొరుక్కున్నారు. అది కూడా అతనికి వినిపించేది, అదే వచ్చిన చిక్కు!

తోటి శిష్యులు చెడ్డవాళ్లు కాదు, పాపం. సంగతి తెలిశాక పెద్ద శిష్యుడు కామేశం నడుం బిగించాడు. స్వామి పొరుగూరు వెళ్లిన వారంలో ఆశ్రమం మొత్తాన్ని నిశ్శబ్దం చేసిపారేశాడు. భోజనాల గంట దించేశాడు. రోలు జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. ఆఖరికి చూడి ఆవు కపిల మెడలో గంటకు కూడా గుడ్డ కుక్కాడు. అందరూ పిల్లుల్లా నడిచేవారు, పప్పు కావాలంటే సైగ చేసేవారు. చిదంబరం చెవుల్లో దూది సరేసరి. ఇంతా చేస్తే ఏమైంది? ఎక్కడ ఏ చెంబు కింద పడుతుందోనని అతను రోజంతా బిగుసుకుని కూర్చునేవాడు. అది పడనే పడేది. ఆ నిశ్శబ్దంలో చెంబు పడితే పిడుగే.

స్వామి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుండగా చిదంబరం అడిగిన ప్రశ్న అది. ఆయన జవాబు చెప్పేలోపే కామేశం రొప్పుతూ వచ్చాడు. "కపిల కనిపించడం లేదు స్వామీ! పొద్దుననగా మేతకు పోయింది. అటు చిరుత తిరుగుతోందట. గంట మోగుతుంటే ఎక్కడుందో తెలిసేది..." అని నాలుక కరుచుకున్నాడు.

చిదంబరం ముఖం పాలిపోయింది. ఆ గుడ్డ తన కోసమే కదా! అందులోనూ నేడో రేపో ఈనబోయే ఆవు.

స్వామి అతని చేతిలో మూట అందుకున్నాడు. "నీ ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం. ఆ దూది తీసి ఇలా ఇచ్చి, వాగు వెంబడి పైకి వెళ్లు. కేకలు వేయకు, విను" అన్నాడు.

వాగు దగ్గరయ్యేకొద్దీ చిదంబరం భుజాలు బిగించాడు, హోరు మీద పడుతుందని. పడలేదు. అది తన దారిన తను పోతోంది. ఆగి, మళ్లీ అదాటున మొదలవడం లేదు. బండ మీద కూర్చుని చెవి ఒగ్గాడు. హోరు లోపల గలగల, ఆ పక్కన వెదుళ్ల కిర్రు, పైన ఆకుల్లో గాలి, ఎక్కడో గువ్వ. ఒక్కొక్కటీ వినిపించి, తర్వాతదానికి చోటిస్తోంది. ఎంతసేపు విన్నాడో గాని, చూసుకుంటే పిడికిళ్లు విడిపోయి ఉన్నాయి. "అమ్మయ్య" అన్నాడు పైకే. మూడు నెలల్లో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

అప్పుడు వినిపించింది, మొద్దుగా, టొక్ మని. కాసేపాగి మళ్లీ టొక్. ఇంకెవరైనా అయితే ఎండుపుల్ల అనుకుని ఊరుకునేవారు. అతను మాత్రం ఒక్క ఉదుటున లేచాడు. గుడ్డ కుక్కిన గంట! పొదలు తప్పించుకుంటూ వెళితే, వెదుళ్ల చాటున కపిల అప్పుడే ఈనిన దూడను నాకుతోంది. తల ఆడినప్పుడల్లా టొక్. చిదంబరానికి ప్రాణం లేచొచ్చింది. దూడను భుజాన వేసుకుని నడిస్తే కపిల వెనకే వచ్చింది.

పొద్దు వాలకముందే ఆశ్రమానికి తిరిగొచ్చిన వాళ్లను చూసి కామేశం "దొరికిందర్రా!" అని గావుకేక పెట్టాడు. చిదంబరం ఎప్పటిలాగే ఉలిక్కిపడ్డాడు. ఒక్క పూట అడవికి వెళ్లొస్తే చెవులు మారిపోతాయా ఏమిటి?

"నా మూట ఏది స్వామీ?" అన్నాడు నెమ్మదిగా.

"నా కుటీరం వెనక, వాగు వైపు అరుగు మీద పెట్టాను. ఇకనుంచి నీ విస్తరి కూడా అక్కడే. ఇరవై ఏళ్లుగా నేను అక్కడే ఎందుకు తింటున్నానో ఒక్కరూ అడగలేదు."

"తపస్సేమో అనుకున్నాం స్వామీ" అన్నాడు కామేశం తెల్లబోయి.

స్వామి పకపకా నవ్వాడు. చిదంబరం నవ్వలేదు. ఇన్నాళ్లూ ఈ బాధ లోకంలో తనొక్కడికే అనుకున్నాడు. కళ్లు తుడుచుకుని, "మరి నా ప్రశ్న?" అన్నాడు.

స్వామి వంగి కపిల గంటలోంచి గుడ్డ లాగేశాడు. దూది చిదంబరం చేతిలో పెట్టాడు. "ఇది దాచుకో, సంతకు వెళ్లినప్పుడు కావాలి" అని, అతని ప్రశ్నకు జవాబిచ్చాడు:

"చెవులకు రెప్పలే ఉండి ఉంటే, నాయనా, వాగు దగ్గర తెరిచేవాడివా?"