కాళ్ల మీద పడే పిల్లి

పూర్వం ఒక కొండకోటను రాయపనాయకుడనే దొర ఏలేవాడు. ఆ కోటలో ధాన్యం చెరిగే తిప్పమ్మ ఒక పిల్లిని సాకేది. నా అన్నవాళ్లు లేని ఆమెకు అదే తోడు.

ఒకనాడు నాయకుడు విందుకొచ్చిన చుట్టాలను మేడ మీదికి తీసుకెళ్లి, ఆ పిల్లిని పట్టి తెప్పించాడు. "ఇక్కణ్ణుంచి విసిరినా ఇది కాళ్ల మీదే పడుతుంది. దీనికేమీ కాదు, చూడండి" అన్నాడు.

సంగతి తెలిసి తిప్పమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఏడిస్తే దొరకు మరింత వేడుకవుతుందని ఆమెకు తెలుసు. గుండె దిటవు చేసుకుని చేతులు కట్టుకుంది.

"దొరా, ముందు తమరి గాజు హుక్కాను పడేయించండి. అడుగు బరువు కాబట్టి అదీ నిలువుగానే పడుతుంది."

"పిచ్చిదానా, కింద రాతినేల. పగిలిపోదూ?"

"నిలువుగా పడినా పగులుతుందా దొరా?"

"ఎలా పడితేనేం, దెబ్బ దెబ్బే కదా" అన్నాడు నాయకుడు.

అనేశాక గాని తనేమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు. చుట్టాలు తలలు వంచుకుని నవ్వు దాచుకున్నారు.

"కాళ్ల మీద పడటం వరకే దానికి తెలుసు దొరా. ఆ కాళ్లు విరక్కుండా చూసుకోవడం దానికి చేతకాదు" అంది తిప్పమ్మ.

నాయకుడు పిల్లిని ఆమెకిచ్చేశాడు. ఆమె దాన్ని కొంగులో పొదువుకుని, "పిట్టల వెంటపడి తనంతట తానే పడిపోతుందేమో, మేడ కిటికీలకు తడికెలు కట్టించండి" అని దిగిపోయింది.

మర్నాడు మేదరివాళ్లు తడికెలు అల్లుతుంటే నాయకుడే దగ్గర నిలబడి, "సందులు చిన్నవి పెట్టండి, పిల్లి తల పట్టకూడదు" అన్నాడు.