తేలని గోతం

“స్వామీ, జోగినాథుణ్ణి మూడేళ్ళు చూసి విత్తనాల గాదె తాళం చేతిలో పెట్టారు. నన్ను పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. వాడికున్నదేమిటి, నాకు లేనిదేమిటి?” అని గవరయ్య ఒక ఉదయం గురువుగారిని అడిగేశాడు. తోటి శిష్యుడి మొలతాడుకు ఆ తాళంచెవి వేలాడడం చూసిన నాటినుంచి అతనికి తిన్నది ఒంటపట్టడం లేదు. జోగినాథుడు నవ్వితే కడుపుమంట. నవ్వకపోతే పొగరనుకుని మరింత మంట.

శివలెంకస్వామి మాటకు మాట చెప్పే మనిషి కాదు. శిష్యులిద్దరూ ఆశ్రమం పొలంలో చెరొక మడి పండించి దాచిన జొన్న విత్తనాలు రెండు గోతాల్లో ఉన్నాయి. “ముందు వాటి సంగతి చూడు,” అన్నారు.

చూడడానికి అక్కడొక కట్టుబాటుంది. గోతం బాగా కలియబెట్టి గుప్పెడు తీయాలి. పుచ్చుగింజ లేకపోతే మంచి గుప్పెడు, ఒక్కటున్నా చెడ్డది. మంచివి చెడ్డవాటికంటే అయిదు ఎక్కువైతే ఆ గోతం విత్తనానికి. చెడ్డవి అయిదు ఎక్కువైతే పశువులకు. ఏదో ఒకటి తేలేదాకా ఇంకో గుప్పెడు తీస్తూ పోవాలి.

జోగినాథుడి గోతంలో వరసగా అయిదు గుప్పెళ్ళూ మంచివే వచ్చాయి. అక్కడితో ఆగాలి. గవరయ్య ఆగితేగా! కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఆరోది తీశాడు, ఏడోది తీశాడు, ఎనిమిదోదీ తీశాడు. తొమ్మిదోదాంట్లో ఒక్క పుచ్చుగింజ కనబడేసరికి లంకెబిందెలు దొరికినంత సంబరపడ్డాడు.

“చూశారా స్వామీ!”

“అది అయిదింటికే తేలిపోయింది నాయనా. నీది చూడు.”

అతనిది ఎంతకీ తేలదు. ఒకటి మంచిదొస్తే ఒకటి పుచ్చు. రెండు మంచివొస్తే మళ్ళీ రెండు పుచ్చు. పొద్దు నడినెత్తికెక్కింది. ముప్ఫై గుప్పెళ్ళయ్యాయి. ఏడాది కష్టం ఎటు పోతుందోనని గవరయ్య ప్రతి గింజనూ వేలితో దొర్లించి చూస్తున్నాడు. జోగినాథుడి గోతం ఊసే అతనికి గుర్తు లేదు.

గురువుగారు లేచి వచ్చి గోతం మూతి పట్టుకున్నారు. “ఎంతసేపని చూస్తాం? పశువులకు పోసేద్దాం.”

గవరయ్య గోతాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. “అయ్యో, వద్దు స్వామీ! ఇంకా తేలలేదుగా. మంచివే రెండు ఎక్కువున్నాయి!”



“నీ విషయంలో పదకొండేళ్ళుగా నేను మాత్రం ఏమంటున్నాను?” అన్నారు స్వామి, మూతి వదిలేస్తూ. “ఇంకో గుప్పెడు తియ్యి.”