బుడ్డమ్మ చెయ్యి జానెడు సాగిన కథ

ఒకప్పుడు వేరుశనగ గింజలకి మట్టిలో ఇల్లు లేదు, పైన పెంకు లేదు, ఒంటి మీద ఎర్రచొక్కా కూడా లేదు. బోడిగుండు, బానపొట్ట, రెండు పొట్టి కాళ్ళు. పొద్దు పొడిచింది మొదలు చేనంతా పరుగులే.

ఆ రోజుల్లో అనంతపురం వైపు ఒక ఎర్రమట్టి చేలో బుడ్డమ్మ అనే వేరుశనగ చెట్టు ఉండేది. ఆ సీమలో వేరుశనగల్ని బుడ్డలంటారులెండి. ఆమెకి కవలపిల్లలు. ఒకడు సుంకడు, ఇంకొకడు అంకడు. ఎవడు సుంకడో ఎవడు అంకడో నన్ను అడగొద్దు. కన్నతల్లికే తెలిసేది కాదు.

కవలలు పుట్టారని తెలిసి చేలో వాళ్ళందరూ వచ్చి, "ఒక్క కాన్పుతో పనైపోయింది, అదృష్టవంతురాలివమ్మా" అన్నారు. అని, ఎవరి దారిన వాళ్ళు పోయారు. పెంచేది వాళ్ళు కాదు కదా.

పిల్లలు పాకినన్నాళ్ళు బాగానే ఉంది. నడక రాగానే మొదలైంది అసలు గోల. సుంకడు తూర్పుకి పోతే అంకడు పడమటికి పోతాడు. ఒకడు చీమల పుట్టలో నీళ్ళు పోస్తుంటే, ఇంకొకడు పేడపురుగు ఉండ మీదెక్కి కూర్చుని "నడుపు, నడుపు" అంటుంటాడు. ఒకణ్ణి పడుకోబెట్టి జోకొడుతుంటే రెండోవాడు వచ్చి వాడి కాలు గిల్లుతాడు. గిల్లడంలో అంకడిది అందెవేసిన చెయ్యి. సందు చూసి, వేళ్ళ మధ్య మెత్తని చోట పట్టుకుంటాడు.

పిల్లలకి మొదట వచ్చే మాట అమ్మ అంటారు. వీళ్ళిద్దరికీ మొదట వచ్చిన మాట "వాడే."

"నీళ్ళు ఎవర్రా ఒలకబోసింది?"

"వాడే."

"ఆ పువ్వు ఎవర్రా తుంచింది?"

"వాడే."

ఇద్దరూ ఒకరినొకరు వేలు పెట్టి చూపించుకునేవాళ్ళు. ఎవరికి దెబ్బ వెయ్యాలో తెలియక బుడ్డమ్మ ఎత్తిన చెయ్యి దించేసేది.

ఆమె కష్టం ఇంకొకటుంది. చెట్టు కదా, కాళ్ళు మట్టిలో పాతుకుపోయి ఉన్నాయి. పరిగెత్తి పట్టుకోలేదు. ఆడేవి చేతులే. ఈ వెధవలిద్దరూ అమ్మ చెయ్యి ఎంతవరకు అందుతుందో మూడోరోజుకే కనిపెట్టేశారు. సరిగ్గా దానికి జానెడు అవతల నిలబడేవాళ్ళు. అంగుళం దగ్గర కాదు, అంగుళం దూరం కాదు. అక్కడ నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

"రా నాన్నా, ముద్ద తిందువుగాని."

"రాను."

"నా బంగారు కదూ."

"కాదు."

ఆ ఆట రోజుకి పదిసార్లు జరిగేది.

పిల్లల తొక్కుడికి ముందుగా నోరు తెరిచింది నేలవ్వ. నేలవ్వంటే ఇంకెవరు, ఆ చేలో మట్టే. ముసలిదై ఒళ్ళంతా బీటలు వారి ఉండేది. "ఏమే బుడ్డమ్మా, నీ కొడుకులు నా నడుం విరగ్గొడతాండారే. కాసేపు కూచోబెట్టుకోగూడదా?" అనేది.

"ఒకణ్ణి కూచోబెడితే ఒకడు లేస్తాండాడు అవ్వా. నేనేం చేసేది?"

పక్క సాలులో కందమ్మ ఉండేది. పొడుగ్గా, నిటారుగా, నలిగిన ఆకన్నది లేకుండా నిలబడేది. ఆమె పిల్లలు నలుగురూ ఒక్క కాయలో వరసగా, చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. పిలిస్తే తప్ప మాట్లాడరు. "నావి నలుగురు. నువ్వు ఇద్దరికే ఇట్లయిపోతే ఎట్లా?" అని కందమ్మ అన్నప్పుడల్లా బుడ్డమ్మకి ఒళ్ళు మండేది. నలుగురు నాలుగుసార్లు పుడితే ఏంటి, ఒక్కసారే పుడితే ఏంటి, కూర్చునే పిల్లలు కూర్చుంటారు, దూకే పిల్లలు దూకుతారు. ఈ మాట ఆమెతో అనాలనుకునేది. అనేలోపు ఎవడో ఒకడు ఏడ్చేవాడు.

ఇక లాభం లేదని బుడ్డమ్మ ఒక ఉపాయం చేసింది. చీమలతో జనపనార పోగు ఒకటి తెప్పించి, సుంకడి నడుముకి మొలతాడు కట్టింది. మొలతాడున్నవాడు సుంకడు, లేనివాడు అంకడు. ఎండా నీళ్ళూ కలిపి ముద్దలు చేసి, మొలతాడు వాడికొక ముద్ద, ఉత్త నడుం వాడికొక ముద్ద పెట్టేది. ఇద్దరూ కళ్ళబడ్డారు, ఇద్దరూ తిన్నారు. అమ్మయ్య అనుకునేది.

పాపం, ఆమెకి తెలియదు. మొలతాడు కట్టిన మర్నాడే వాళ్ళు దాన్ని విప్పడం నేర్చుకున్నారు.

వాళ్ళ ఒప్పందం ఏంటంటే, ఒకడు మొలతాడుతో వచ్చి ఒక ముద్ద తింటాడు. చెట్టు వెనక్కి పోయి మొలతాడు విప్పేసి, మళ్ళీ వచ్చి ఇంకో ముద్ద తింటాడు. అమ్మ లెక్కకి ఇద్దరూ వచ్చినట్టే. ఆ లోపల రెండోవాడు చేనంతా తిరిగొస్తాడు. మర్నాడు తిండి వీడిది, తిరుగుడు వాడిది. అందుకే ఒకరోజు ఒకడి పొట్ట ఉబ్బేది, మరోరోజు ఇంకొకడిది ఉబ్బేది. బుడ్డమ్మ దిష్టి అనుకుని రెండుసార్లు దిష్టి తీసింది.

ఇదంతా కంది కొమ్మ మీద కూర్చుని ఒక కాకి చూస్తోంది. నున్నగా, పాలుగారే గింజలు రెండు. ఇద్దరూ కలిసి ఉంటే ఒకడు అరిచినా అమ్మకి వినబడుతుంది. ఒక్కొక్కడుగా అయితే పని సులువు.

ఆ రోజు తిరుగుడు వంతు అంకడిది. కాకి వాలి, మెల్లగా అంది.

"అబ్బాయీ, ఎగురుతావా? పైనుంచి చూస్తే మీయమ్మ చెయ్యి ఎంత పొట్టిదో భలే కనబడుతుంది."

అంకడి కళ్ళు మెరిశాయి. "వాడు కూడా వస్తాడు."

"నాకుండేది ఒక్క ముక్కు నాయనా. ముందు నువ్వు, తర్వాత వాడు."

"నేను తినొస్తాలే, నువ్వు పో" అన్నాడు పక్కనే ఉన్న సుంకడు. ఎగరడం తన వంతు రేపు. రెండు ముద్దలు మాత్రం ఇవాళే.

ఈ సంగతి బుడ్డమ్మకి చివర్న గాని తెలియలేదు. మీకు కాబట్టి ముందే చెప్పేశాను.

మధ్యాహ్నం బుడ్డమ్మ ముద్దలు చేసి పిలిచింది. మొలతాడు వాడు వచ్చి తిన్నాడు. కాసేపటికి ఉత్త నడుం వాడు వచ్చి తిన్నాడు. రెండో ముద్ద సగంలో వాడికి ఎక్కిళ్ళు వచ్చాయి. బుడ్డమ్మ వీపు నిమిరి నీళ్ళు పట్టింది.

తర్వాత పడుకోబెట్టే వేళ. బుడ్డమ్మ కుడివైపు కొమ్మ కింద మొలతాడు వాణ్ణి పడుకోబెట్టింది. ఎడమవైపు తిరిగితే, ఉత్త నడుం వాడు రొప్పుతూ వచ్చి పడుకున్నాడు. కుడివైపు తిరిగితే, మొలతాడు వాడు ఇంకా ఎక్కువ రొప్పుతూ పడుకున్నాడు. "ఈ పిల్లలు పడుకుని కూడా ఎందుకు ఆయాసపడతాండారు?" అనుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. పిల్లలు పుట్టాక ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు. ఇద్దరూ నోరెత్తకుండా పడుకున్నారు కదా అని, ఆ రోజు మొట్టమొదటిసారి కొంచెం తల వాల్చింది.

సుంకడికి మాత్రం నిద్ర రాలేదు. కాలు చాపాడు. ఎవరికీ తగల్లేదు. పక్కకి దొర్లాడు. ఎవరూ తొయ్యలేదు. తన కాలు చూసుకున్నాడు. దాన్ని ఎవరూ గిల్లడం లేదు. వాడికి ఏమీ బాగాలేదు. మొలతాడు చేత్తో పట్టుకుని లేచి, తానై నడిచి, అమ్మ చేతికి అందేంత దగ్గరికి వచ్చేశాడు.

బుడ్డమ్మ ఉలిక్కిపడి లేచింది. పిలవకుండా వచ్చిన కొడుకుని చూడగానే ఏదో జరిగిందని తెలిసిపోయింది.

"రెండోవాడు యాడ?"

"వాడూ నేనే" అన్నాడు సుంకడు. అని, భోరుమన్నాడు.

బుడ్డమ్మ చేనంతా కళ్ళతో వెతికింది. తలెత్తి చూసింది. గట్టు మీద నల్ల బండ. బండ మీద కాకి. కాకి కాలి కింద అంకడు. కాకి "కావ్ కావ్" మని చుట్టాలందర్నీ కేకేస్తోంది. ఎంత ఆకలైనా నలుగుర్ని పిలవనిదే ముక్కు పెట్టదు కదా కాకి. ఆ చుట్టాలు వచ్చేలోపే ఏదైనా జరగాలి.

"నా బిడ్డనొదులు!" అని బుడ్డమ్మ అరిచింది. ఒదిలితే అది కాకి ఎందుకవుతుంది?

అంకడికి ఇంకా భయం తెలియదు. ఎగరడం అయిపోయింది, ఇప్పుడు ఎవరో తన మీద కాలేశారు. రోజూ సుంకడు వేస్తాడు ఇట్లాగే. దానికి ఏం చెయ్యాలో వాడికి బాగా తెలుసు. కాకి వేళ్ళ మధ్య మెత్తని చోటు వెతికి, గట్టిగా గిల్లాడు.

కాకి కెవ్వుమని కాలెత్తింది. అంకడు బండ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి చేలోకి దొర్లుకుంటూ వచ్చాడు. దొర్లి దొర్లి అమ్మ వైపే వచ్చి, లేచి, దుమ్ము దులుపుకుని ఆగాడు.

సరిగ్గా జానెడు అవతల ఆగాడు. అలవాటు మరి. అంగుళం దగ్గర కాదు, అంగుళం దూరం కాదు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"రా నాన్నా" అంది బుడ్డమ్మ.

"రాను."

వాడి వెనకాల కాకి రెక్కలు విప్పి లేచింది. వాడు వెనక్కి చూడడం లేదు. అమ్మ ముఖమే చూస్తూ, ఇవాళ ఆట భలే ఉందనుకుంటున్నాడు.

బుడ్డమ్మ చెయ్యి చాపింది. చెయ్యి చివర పచ్చని పువ్వు ఒకటుంది, అది రాలిపోయింది. కీళ్ళు పటపటమన్నాయి. ఇంకా చాపింది. ఏ వేరుశనగ చెయ్యీ సాగనంత, సన్నని పుల్లలాగా, ఆ జానెడూ సాగింది. అంకడి మెడ పట్టుకుంది.

అంకడి నవ్వు ఆగిపోయింది. అమ్మ చెయ్యి ఇంత పొడుగు ఎప్పుడైందో వాడికి అర్థం కాలేదు.

పట్టుకుంది సరే, దాచేదెక్కడ? ఆమె ఆకులు చిన్నవి. కాకి నెత్తి మీదికి వచ్చేసింది. అప్పుడు కింద నుంచి నేలవ్వ పలికింది.

"ఏం చూస్తాండావే? ఇటు పెట్టు, నా ఒళ్ళో పెట్టు."

బీట ఒకటి నోరు తెరుచుకుంది. బుడ్డమ్మ కొడుకుతో సహా చేతిని మట్టిలోకి దింపేసింది. బీట మూసుకుంది. కాకి వచ్చి టక్కుమని పొడిచింది, నోటినిండా మన్ను వచ్చింది. ఉమ్ముకుంటూ పోయింది.

అంతా సద్దుమణిగాక సుంకడు మట్టికి చెవి ఆనించి విన్నాడు. లోపల్నుంచి "వాడేడి?" అని వినబడింది. అంతే, చెప్పాపెట్టకుండా ఇంకో బీటలోకి దూకేశాడు.

ఒక్క నిమిషమైనా కాకముందే నేలవ్వ మూలుగు మొదలైంది. "ఓయమ్మో, కడుపులో గుర్రాలు పరిగెత్తినట్టుందే. పెట్టుకుంటా గాని, ఇట్లా వదిలిపెడితే నా వల్ల గాదు. కదలకుండా కట్టియ్యి."

బుడ్డమ్మ మట్టిలోనే చేత్తో తడుముతూ ఒక ఉయ్యాల అల్లింది. నారతో గళ్ళుగళ్ళుగా అల్లి, ఇద్దర్నీ అటొకణ్ణి ఇటొకణ్ణి పడుకోబెట్టి, పైన మూత కూడా అల్లేసింది. నేలవ్వ తన ఎర్రరంగులో ముంచి రెండు చొక్కాలు ఇచ్చింది. రెండూ ఒకే కొలత, ఒకే రంగు. ఏ కొంచెం తేడా ఉన్నా ఆ ఇంట్లో యుద్ధమే అని ఆమెకీ తెలిసిపోయింది.

ఇక మొలతాడు మిగిలింది. "అది నాది" అని లోపల ఒకడు. "కాదు, నాది" అని ఒకడు. బుడ్డమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఒకడి కాలు ఇంకొకడికి తగలకుండా, ఉయ్యాల నడుముకే చుట్టి బిగించేసింది.

పక్కసాలు నుంచి కందమ్మ వంగి చూసింది. "ఏందే, నీ పిల్లలు కనబడరే?"

"కూచున్నారు అక్కా" అంది బుడ్డమ్మ. ఆ మాట అనగలగడం పిల్లలు పుట్టాక ఆమెకి అదే మొదలు. పొద్దు గూకుతోంది. ఆకులన్నీ జంటజంటగా ముడిచి, హాయిగా కళ్ళు మూసుకుంది. మట్టిలో ఉన్న చేతిని మాత్రం బయటికి తీయలేదు. నిద్రలో కూడా తడిమి చూసుకుంటోంది, ఇద్దరూ ఉన్నారా అని.

అప్పటినుంచే వేరుశనగ పూత పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. పువ్వు రాలగానే ఒక సన్నని పుల్ల జానెడు సాగి నేలలోకి దిగుతుంది. పెంకు మీద గళ్ళుంటాయి, నడుం దగ్గర నొక్కు ఉంటుంది, లోపల ఎర్రచొక్కాలు తొడుక్కుని ఇద్దరుంటారు. ఒక్కోసారి ఒలిచి చూస్తే ఒకడు బొద్దుగా, ఒకడు ఎండిపోయి కనబడతారు. ఆ రోజు ఎవడో రెండు ముద్దలు తిన్నాడన్నమాట.

నమ్మకం లేకపోతే బాగా ఎండిన బుడ్డ ఒకటి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల గలగలమంటుంది. ఎవర్రా ఆ అల్లరి చేసేదని అడిగితే, ఇద్దరూ చెప్పేది ఒకటే మాట.

"వాడే."