నెమలికంఠం రంగు కారు

అనగనగా, మోటారు చప్పుడు వినిపిస్తే ఊళ్లో కోళ్లన్నీ గంపల కిందికి దూరే రోజుల్లో, వేణుగిరి అనే చిన్న సంస్థానం ఉండేది. దాన్ని విజయభూపతి ఏలేవాడు.

రాజుగారికి ఒక పాత కారు ఉంది. ఊళ్లో కలరా గత్తర వచ్చిన ఏడు, ఆయన తల్లి రాణి చంద్రమతి ఆ కారులోనే రోగులను ఆసుపత్రికి చేర్చింది. అప్పుడది నెమలికంఠంలా మెరిసేది. రాణి పోయాక పన్నెండేళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది.

"ఇంకెందుకు మహారాజా ఈ తుక్కు? కొలిమికి ఇచ్చేద్దాం" అన్నాడు దివాను నరహరి.

రాజుకు మనసొప్పలేదు. "ఉగాది ఊరేగింపు నాటికి దీనికి పాత రంగు తెచ్చినవారే మా ఆస్థాన చిత్రకారులు. ఎవరివల్లా కాకపోతే దివాను మాటే ఖాయం" అని దండోరా వేయించాడు.

జట్కాబండ్లకు రంగులు వేసుకుని బతికే సూరాంబ ఆ దండోరా విన్నది. పసితనంలో గత్తర సోకి, తల్లి ఒడిలో పడుకుని ఆ కారులోనే ఆసుపత్రికి వెళ్లి బతికిన మనిషి ఆమె. 'దాన్ని కొలిమిలో వేస్తారా!' అనుకుంది. కుంచెల సంచీ భుజాన వేసుకుని కోటకు పరుగెత్తింది.

అప్పటికే అక్కడ ఇద్దరున్నారు.

మొదటివాడు కారుకు ఆముదం పట్టించాడు. ఒక్క పూటలో తళతళలాడింది. వీధిలోకి తోయగానే దుమ్మంతా అంటుకుని, సాయంత్రానికి ఈగలు ముసిరిన బెల్లపుదిమ్మలా తయారైంది.

రెండోవాడు జిడ్డు కడిగి, ఒక తలుపుమీద కొత్త రంగు దట్టంగా పూశాడు. వారం తిరక్కుండా పొక్కులు లేచి, అరటిపట్టలా ఊడిపోయింది.

ఆ తర్వాత సూరాంబ వంతు వచ్చింది.

"నీకెన్ని రోజులు కావాలమ్మా?" అన్నాడు రాజు.

"నలభై రోజులు దొరా. మొదటి వారం చూస్తే నన్ను తిడతారు."

ఆమె ముందు కారును కడిగింది. తుప్పు గీకింది. ఎవరికీ కనబడని ఒక మూల, తడిగుడ్డకు మెత్తని పాలిషుపొడి అద్ది, నెమ్మదిగా రుద్ది చూసింది. తెల్లని పొర కింద నీలం తొంగిచూసింది.

"చచ్చింది పైపొరే. లోపల రంగుకు ప్రాణం ఉంది!" అని పొంగిపోయింది.

రోజుకు జానెడు, బెత్తెడు చొప్పున రుద్దసాగింది. దివాను వచ్చి నవ్వాడు. "కారుకు పని చేస్తున్నావా, పిల్లకు నలుగు పెడుతున్నావా?"

"రెండూ ఒకటే బాబూ. గట్టిగా రుద్దితే తోలూడుతుంది."

నెల గడిచేసరికి నవ్వినవాడే రోజూ వచ్చి కళ్లప్పగించి చూడసాగాడు.

రేపు ఉగాది అనగా సూరాంబ తొందరపడింది. ముందుభాగం అంచున చెయ్యి బరువైంది. రూపాయి బిళ్లంత మేర రంగు పోయి ఇనుము తేలింది.

దివాను చెవిలో చెప్పాడు. "దానిమీద పూలదండ వేద్దాం. ఎవరికి తెలుస్తుంది? రేపటికి పదవి నీది."

"దండ వాడుతుంది బాబూ, తుప్పు వాడదు గదా!" అని ఆమె తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"దొరా, నా చెయ్యి తప్పింది. సరిచేయడానికి మూడు రోజులు పడుతుంది. గడువుకు అందదు, నేను ఓడాను. పదవి వద్దు. ఆ కారును మాత్రం కొలిమికి పంపకండి. నేను బతికింది దానివల్లే."

రాజు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. తలుపుమీద చెయ్యి వేస్తే అద్దంలో చూసినట్టు తన చెయ్యే కనబడింది. "సూరాంబా, నువ్వు చెప్పకపోతే నేనీ మచ్చను చూసేవాణ్ణి కాను. ఊరేగింపు మూడు రోజులు ఆగుతుంది. పని కానీ" అన్నాడు.

ఎండ తగలని తలుపు లోపలివైపు చూసి, ఆమె సరిగ్గా ఆ నీలాన్నే కలిపింది. పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, చివర మైనం పట్టించింది.

నాలుగోనాడు కారు కోట దాటగానే వాన కురిసింది. తామరాకుమీద నీళ్లలా చినుకులు జారిపోయాయి. రంగు చెక్కుచెదరలేదు. "మా రాణమ్మ కారు!" అంటూ జనం తడుస్తూనే వెంట నడిచారు.

"ఆ మచ్చ ఎక్కడమ్మా?" అన్నాడు రాజు. సూరాంబ వంగి వెతికింది. ఆమెకే కనబడలేదు.

రాజు నవ్వి, ఆస్థాన చిత్రకారిణిగా ఆమెకు శాలువా కప్పి, తన పక్కనే కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు.

కాబట్టి పిల్లలూ, తప్పును కప్పిన పనికి మెరుపు ఒక్క పూట. ఒప్పుకుని దిద్దిన పనికి మెరుపు కలకాలం.