ఘనవర్మ కోరిన వజ్రవక్షం

పూర్వం కృతయుగం ముగిసి త్రేతాయుగం ప్రవేశిస్తున్న సంధికాలంలో, శోణానదీ తీరాన వెలసిన మణికుల్యాపురాన్ని ఘనవర్మ అనే రాజు ధర్మం తప్పక పాలిస్తుండేవాడు. దానశీలుడు, ధనుర్విద్యాపారంగతుడు, గొంతెత్తి సామగానం చేస్తే మునులు సైతం మైమరచి వినేంతటి గానకోవిదుడు అయిన ఆ మహారాజును ఒకే ఒక్క భయం వెన్నాడేది. ఆయన తండ్రి, యుద్ధంలో శత్రువు విడిచిన బాణం రెండు పక్కటెముకల సందున దూరి గుండెను తాకగా, కొడుకు ఒడిలోనే కన్నుమూశాడు. ఆ గాయాన్ని వేళ్లతో మూయబోయి మూయలేకపోయిన ఘనవర్మ, రాజ్యభారం మంత్రులకు అప్పగించి, వింధ్యారణ్యం చేరి, ఆకులు అలములు తింటూ, పిదప వాటినీ విడిచి, పన్నెండేళ్లు ఘోరతపస్సు చేయగా, హంసవాహనుడైన చతుర్ముఖ బ్రహ్మ ప్రత్యక్షమయ్యాడు.

"వత్సా, నీ తపస్సుకు మెచ్చాను. వరం కోరుకో."

"సృష్టికర్తా, నీవు ఎముకల మధ్య సందులు ఉంచావు గనుకనే నా తండ్రి మరణించాడు. నా రొమ్మును సందులేని వజ్రఫలకంగా చేయి. ఏ ఆయుధమూ దాన్ని ఛేదించకూడదు. ఏ దెబ్బకూ అది కదలకూడదు."

"నేను ఉంచిన సందులకు కారణం ఉంటుందని తోచలేదా నాయనా?"

"నా చేతులకంటిన తండ్రి నెత్తురు తప్ప నాకు మరేమీ తోచడం లేదు స్వామీ!"

పితామహుడు నిట్టూర్చి, "తథాస్తు" అని అంతర్ధానమయ్యాడు.

నగరానికి మరలివచ్చిన రాజు రొమ్ముపై పరీక్షకోసం సేనాపతి వేసిన బాణాలు ములుకులు వంగి రాలిపడ్డాయి. ఆనందంతో పకపక నవ్వబోయిన ఘనవర్మకు నవ్వు రాలేదు. రొమ్ము లేవలేదు, దిగలేదు. పొట్ట కదలికతో అందే కొద్దిపాటి ఊపిరే ఆధారమైంది. సామగానం మొదటి పాదం దాటలేదు. మేడమెట్లు నాలుగు ఎక్కేసరికి కళ్లు తిరిగాయి. మాసం గడిచేసరికి పెదవులు నీలమై, మాట పడిపోయి, ఆ మహావీరుడు పానుపు పట్టాడు.

రాజవైద్యులు చేతులెత్తేయగా, పట్టమహిషి మృణాళవతి నదీతీరాన నిలిచి, అన్నపానాలు మాని, వాయుదేవుణ్ణి ప్రార్థించింది. మూడవనాటి ఉదయం మృగవాహనుడు ఆమె ఎదుట నిలిచాడు.

"జగత్ప్రాణా, నా భర్తపై నీకెందుకింత అలుక?"

"అలుక కాదమ్మా! నేను ఆయన ముక్కు వాకిటనే నిలిచి ఉన్నాను. వింటిబద్దల్లా వంగిన ఎముకలు పైకి లేచి, పక్కలకు విచ్చుకొంటేనే గదా లోపల చోటు ఏర్పడేది! వాటిని ఎత్తి దించే కండలు ఉండేది, ఆయన పూడ్పించుకొన్న ఆ సందుల్లోనే తల్లీ."

"మరి ఆయన బతికే దారి లేదా?"

"కోరినవాడే నోరు తెరిచి వద్దంటే బ్రహ్మ ఆ వరాన్ని ఉపసంహరిస్తాడు. నా బలమంతా పెట్టి ఒక్క ఊపిరి లోపలికి పంపగలను. రెండోది నావల్ల కాదు."

రాణి పరుగున వచ్చి, రాజు చెవిలో అంతా చెప్పింది. వాయుదేవుడు ఒక్క ఊపిరి నింపాడు. రాజు రొమ్ముమీద చేయి వేసుకొని, కళ్లు మూసుకొన్నాడు.

"ప్రభూ, ఆ ఊపిరి వృథా పోతోంది. మీ భయం నాకు తెలుసు. అయినా అడగండి!"

ఘనవర్మ కళ్లు తెరిచి ఆమెను చూశాడు. "పితామహా! బాణం వస్తే రానీ. నా సందులు నాకిచ్చేయి!" అని ఎలుగెత్తాడు.

మరుక్షణమే బ్రహ్మ ప్రత్యక్షమై కమండలజలం చల్లగా, వజ్రఫలకం కరిగి, ఇరుపక్కలా పన్నెండేసి ఎముకలు వెన్నునుండి వంగి వచ్చాయి. పై పది జతలూ మెత్తని మృదులాస్థితో ముందువైపు కూడుకొన్నాయి. కింది రెండు జతలూ స్వేచ్ఛగా నిలిచాయి. రాజు రొమ్ము నిండుగా పొంగింది. ఆయన ఏడుస్తూ నవ్వాడు.

"నాయనా, గుండెనూ ఊపిరితిత్తులనూ కాచే ఈ కోట కదులుతూనే కాయాలి. నీ భయం తీరడానికి మరో వరం ఇస్తున్నాను. ఈ ఎముక చిట్లినా, మనిషి ఊపిరి తీస్తూ ఉండగానే, తనంతట తానే అతుక్కొనుగాక!" అని విధాత పలికాడు.

తరువాతి ఏడు జరిగిన యుద్ధంలో శత్రువు గదాఘాతానికి ఘనవర్మ పక్కటెముక ఒకటి చిట్లింది. ఆయన మండలం రోజులు మెల్లగా ఊపిరి తీసుకొంటూ విశ్రమించి, నలభై ఒకటవ నాటి ఉదయాన లేచి, మృణాళవతి వింటూండగా, సామగానం ఆసాంతం పాడాడు.