గంధపు ముద్ర

తీర్పు వచ్చిన నాటి నుంచి కాలేషాకు కుదురు లేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే తిరుగుతాడు, తిరిగి తిరిగి మళ్లీ తన గురువు జలీల్‌షా ఉండే దర్గా వాకిట్లోకే వచ్చి పడతాడు.

పెళ్లాం మీరాబీని కొట్టాడని ఫిర్యాదు. "కొట్టావా, లేదా?" అని కాజీ అడిగితే, "అవుననను, కాదనను. తమరి చిత్తం" అని తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వినయం చూసి కాజీ కరిగిపోతాడనుకున్నాడు మహానుభావుడు. కాజీ కరగలేదు. నేరం ఖాయమని తేల్చి, ఏడాదిపాటు ఇంటి గడప తొక్కొద్దన్నాడు.

ఇప్పుడు నవాబు అదాలతుకెక్కి ఆ తీర్పు రద్దు చేయించుకోవాలని పట్టు. ఎత్తిన చెయ్యి దించుకోవడం చేతకాలేదు గాని, మీద పడ్డ మచ్చ దించుకోవడానికి మాత్రం ఎంత దూరమైనా పోతాడట!

"హజరత్, నేను ఒప్పుకుంటే గదా శిక్ష వెయ్యడానికి? తమరు నాతో వచ్చి, నా శిష్యుడు అలాంటివాడు కాడని ఒక్క మాటంటే చాలు."

"ఆ పిల్ల చెంప మీద మూడు వేళ్ల వాతలు నేనూ చూశానే?"

"మెట్టు మీద జారిపడింది హజరత్."

జలీల్‌షా గడ్డం నిమురుకున్నాడు. గోడకవతల, ఆడవాళ్ల వైపున, సానరాయి మీద గంధం తీస్తున్న చప్పుడు. దర్గా ఉరుసు పండక్కి గంధం తీసేది ఏటా మీరాబీయే. సర్రు సర్రుమని ఆ రాపిడి వినలేక కాలేషా చెవులు మూసుకోబోయి, గురువు చూస్తాడని మానుకున్నాడు.

"సరే, వస్తాను. బండి కట్టమను" అన్నాడు జలీల్‌షా. "పోయేముందు ఉరుసు ముద్ర వేసెయ్."

శిష్యులు అరచెయ్యి గంధంలో ముంచి గోడకు వత్తడం ఆ దర్గా ఆచారం. కాలేషాకు చిన్నప్పుడే గానుగలో పడి చిటికెనవేలు పోయింది. చెయ్యి ముంచి, గట్టిగా వత్తి తీశాడు. చిటికెనవేలు లేని ముద్ర పచ్చగా, తడిగా గోడ మీద నిలిచింది. ఇన్నాళ్లకు వాడి మొహంలో కాస్త కళ కనిపించింది.

"ఇదెవరి చెయ్యిరా?" అన్నాడు గురువు.

"అదేం మాట హజరత్! ఎన్ని ముద్రల్లో కలిపేసినా పసిపిల్లలు కూడా చెబుతారు కాలేషాదని. ఇలాంటి చెయ్యి ఈ ఊళ్లో ఇంకెవడికుంది?"

గోడకవతల సానరాయి చప్పుడు ఆగిపోయింది.

"గోడ మీద పడితే నీ చెయ్యి" అన్నాడు గురువు మెల్లగా. "చెంప మీద పడితే మెట్టా?"

కాలేషా గోడ మీది ముద్రను చూసి, తన అరచెయ్యి చూసుకున్నాడు.

వాకిట్లో బండివాడు కేకేశాడు. "సాయిబూ, నవాబు కోటకేనా?"

"వద్దులే, ఎద్దుల్ని విప్పెయ్" అన్నాడు కాలేషా. "కాజీ ఇంటికి నడిచే పోతాను. అవునన్న మాట ఒకటి ఆయనకు బాకీ ఉంది."

దారిలో దిగుడుబావి ఉంది. చేతి మీద గంధం ఎండి చర్మాన్ని పట్టి లాగుతోంది. కడుక్కోకుండానే దాటిపోయాడు.