సముద్రం వైపు కిటికీ

ఎవరైనా ప్రశ్న అడిగితే సన్యాసిరావు మాస్టారు జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. శిష్యుడు పోలారావు అడిగిన రోజు కూడా అదే చేశారు.

పోలారావు అడిగింది ఇది: "పాపపు కూడు పెట్టిన చేతిని ప్రేమగా తలుచుకోవచ్చా మాస్టారూ?"

ఈమధ్యే ఒక పెళ్లిలో అతని పెదనాన్న తాగి నోరు జారాడు. ఒకప్పుడు తాత పడవలు ఒక ముఠా కోసం దొంగ బంగారం మోశాయట. ఒడ్డున పోలీసులు లేరని తెలపడానికి నాయనమ్మ చిలకమ్మ మేడ మీద పసుపుచీర ఆరేసేదట. కస్టమ్స్ వాళ్లకు ఉప్పందించిన ఒకణ్ణి పడవెక్కించి తీసుకెళ్లారు. అతను తిరిగి రాలేదు. తీసుకెళ్తుంటే చూశామన్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

పోలారావుకు ఆ పసుపుచీరే బాల్యం. అది గాలికి ఎగిరిన సాయంత్రాల్లో నాయనమ్మ సముద్రం వైపు కిటికీ మూసి, దీపం పెట్టి, అతనితో గవ్వలాట ఆడేది. నేల మీది నాపరాతిలోనే గళ్లు చెక్కి ఉండేవి. వేయించిన వేరుశనగలు ఒళ్లో పోసుకుని, మనవడు కాయ దొంగతనంగా జరిపినా చూడనట్టే ఉండి, చివరికి తనే ఓడిపోయేది. అంత సుఖం అతను మళ్లీ ఎరగడు. నేరపు పునాది మీద లేచిన ఇల్లు కూలాల్సిందేనని, ఇక ఆ గడప తొక్కనని ఆమె మొహం మీదే చెప్పేస్తానని ఇప్పుడు పళ్లు కొరుకుతున్నాడు.

అలా బయల్దేరి ఇద్దరూ నాయనమ్మ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. చూపు మందగించిన చిలకమ్మ మనవడి చెంపలు తడిమి, చిక్కిపోయావని, పుస్తకాలు నమిలితే ఒళ్లు రాదని దెప్పింది. చెప్పాలనుకున్న మాట వదిలేసి అతను ఆమె పక్కనే చతికిలబడ్డాడు. మాస్టారు ఆమె పెట్టెలోంచి ఆ పసుపుచీర తీయించి, మేడ మీద ఆరేసి రమ్మన్నారు.

పోలారావు ఆరేశాడు. చీర గాలికి లేచింది. ఎదురింటి ముసలావిడ తలెత్తి చూసి, లోపలికి వెళ్లి కిటికీ మూసింది. పక్కింట్లో మరొకటి మూసుకుంది. వీధి పొడవునా రెక్కలు మూస్తున్న చప్పుడు సాగిపోయింది. మూసినవన్నీ ముడతలు పడ్డ చేతులే. పడవలు ఏనాడో పోయాయి, ముఠా చెదిరిపోయింది. అయినా ఎందుకని ఎవరూ అడగలేదు. పడవెక్కిన ఆ మనిషిని ఊళ్లో ఒక్కరూ ఎలా చూడలేదో పోలారావుకు అప్పుడు తెలిసింది.

అతను కిందికి దిగేసరికి, ఆ చప్పుడు విన్న చిలకమ్మ నాపరాయి ముందు కూర్చుని ఉంది. గుప్పిట్లో గవ్వలు. మొహం నిండా పాత నవ్వు.

"ఓరి పోలిగా, ఆ సంద్రం కిటికీ ఏసీసి రారా. ముందు గవ్వలు నువ్వే ఎయ్యి."

పోలారావు చెయ్యి దానంతటదే కిటికీ రెక్క మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. అతను మాస్టారి కోసం చూశాడు.

మాస్టారు గడప బయట చెప్పులు వేసుకుంటున్నారు.

"ఆట ఆడు," అన్నారు. "కిటికీ మాత్రం ముయ్యకు."